బడి ఫీజా, ఆసుపత్రి బిల్లా: ఎక్కడ సొంత డబ్బు పెట్టాలి, ఎక్కడ సర్కారు డబ్బు వాడుకోవాలి

జూన్ మొదటివారంలో ఖమ్మం నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, పెద్దోడికి 58 వేలు, చిన్నదానికి 46 వేలు కట్టమంటున్నారు. బస్సు, పుస్తకాలు వేరే. ఇంతలో నాన్నకి ఛాతీలో నొప్పట, ఊరి నుంచి కబురొచ్చింది. ఏది ముందు చూడమంటావు?"

ఏది ముందో వేరే చెప్పాలా. మామగారిని నందిగామ దగ్గరి పల్లె నుంచి విజయవాడ తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చాం. ఆ నాలుగు రోజులూ కారిడార్‌లో కుర్చీల మీద కూర్చుని, నోట్‌బుక్ వెనక అట్ట మీద బావమరిది ఇంటి లెక్క వేశాం. నెలకు 38 వేల జీతం. ఏడాదికి లక్షకు పైగా ఇద్దరు పిల్లల స్కూలుకే పోతోంది. ఆరోగ్య బీమాకు పోయేది సున్నా. రేషన్ కార్డు లేదు కాబట్టి ఆరోగ్యశ్రీ కూడా లేదు. మామగారికి వచ్చిన నొప్పే తనకొచ్చి ఉంటే ఏం చేసేవాడో అడిగితే, "ఎవరో ఒకరి దగ్గర అప్పు తెచ్చేవాణ్ని" అన్నాడు.

ఆ ఎవరో ఒకరు నేనేనని ఇద్దరికీ తెలుసు.

మనలో చాలామంది ఈ విషయంలో తలకిందులుగా నడుస్తున్నామని అప్పటి నుంచి నాకు గట్టిగా అనిపిస్తోంది. ఏటా ఎంతొస్తుందో ముందే తెలిసే ఖర్చుకి కంగారుపడి సొంత డబ్బు పోస్తాం. ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో తెలియని ఖర్చుని దేవుడికి వదిలేస్తాం. సర్కారు మంచిదా ప్రైవేటు మంచిదా అన్న వాదన కాదిది. ఏ ఖర్చుకి ఎవరి డబ్బు వాడుకుంటే మన ఇల్లు నిలబడుతుందన్న లెక్క.

ముందు ఏం చూడాలి

భవనం, యూనిఫాం, ఏసీ చూసే ముందు ఈ ప్రశ్నలు వేసుకోండి.

ఈ బిల్లు ఎంతొస్తుందో ముందే తెలుస్తుందా? స్కూలు ఫీజు తెలుస్తుంది. గుండెపోటు బిల్లు తెలియదు. మొదటిది పొదుపు చేసి కట్టుకోవచ్చు. రెండోదానికి పదిమంది డబ్బు ఒకచోట ఉండాలి, అది పన్ను రూపంలో పోగైనా సరే, ప్రీమియం రూపంలో పోగైనా సరే.

చివరికి కట్టేది ఎవరు? వాళ్లు కట్టడం ఆపేస్తే ఏమవుతుంది? ఇది చాలామంది అడగని ప్రశ్న. మీరు చేరింది ప్రైవేటు కాలేజీయే అయినా ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుతుంటే కట్టేది ప్రభుత్వం. మీరు వెళ్లింది కార్పొరేట్ ఆసుపత్రే అయినా ఆరోగ్యశ్రీ కార్డు మీద వెళితే కట్టేది ప్రభుత్వమే. బోర్డు మీద పేరు ఒకరిది, డబ్బు ఇంకొకరిది.

నచ్చకపోతే మధ్యలో మారగలమా? ఒకటో తరగతి పిల్లని స్కూలు మార్చడం సులువు. ఇంటర్ రెండో సంవత్సరంలో కాలేజీ మార్చడం నరకం. అరవై ఏళ్లు వచ్చాక బీమా కంపెనీ మారడం దానికన్నా కష్టం.

రసీదు మీద కనిపించని ఖర్చెంత? పెద్దాసుపత్రిలో ఫీజు ఉండదు. కానీ ఓపీ చీటీకి ఒక పూట, స్కానింగ్‌కి ఇంకో రోజు, రిపోర్టుకి మరో రోజు అంటే కూలివాడికి మూడు రోజుల కూలి పోయినట్టే. ప్రైవేటు స్కూలుకి ట్యూషన్, బస్సు, 'డే'లకి కొనే రంగు బట్టలు.

ఆఖరుది, నిజానికి అన్నిటికన్నా పెద్దది: మీ వీధిలో ఉన్నది ఎలా ఉంది? పక్క జిల్లా గురించి పేపర్లో చదివింది మీకు పనికిరాదు.

చదువు: డబ్బు ఎప్పుడు పెట్టాలన్నదే అసలు సంగతి

2025లో కేంద్ర గణాంక శాఖ చేసిన సర్వే ప్రకారం సర్కారు బడిలో చదివే పిల్లవాడి మీద కుటుంబం ఏడాదికి సగటున పెట్టే ఖర్చు 2,863 రూపాయలు. ఇతర బడుల్లో 25,002. దాదాపు తొమ్మిది రెట్లు. దేశం మొత్తం సగటు కాబట్టి ఇది తక్కువగానే కనిపిస్తుంది, మన టౌన్లలో ఫీజులు ఎలా ఉన్నాయో మీకే తెలుసు.

మరి తొమ్మిది రెట్ల చదువు వస్తోందా? దీనికి మన ఊళ్లలోనే చేసిన ఒక ప్రయోగం ఉంది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5 జిల్లాల్లోని 180 గ్రామాల్లో లాటరీ తీసి, పేరొచ్చిన సర్కారు బడి పిల్లలకు ప్రైవేటు బడి ఖర్చు కట్టారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఆ పిల్లల్ని నాలుగేళ్లు గమనించి, 2015లో ఫలితాలు ప్రచురించారు. తెలుగులో, లెక్కల్లో లాటరీ తగిలిన పిల్లలకీ తగలని పిల్లలకీ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు ముందున్నారు. అప్పట్లో సర్కారు ప్రాథమిక బడుల్లో హిందీ లేదు మరి.

ఈ కథకి రెండో సగం కూడా ఉంది, సర్కారు బడిని సమర్థించేవాళ్లు దాన్ని చెప్పడం మర్చిపోతుంటారు. ఆ ప్రైవేటు బడులు తెలుగు, లెక్కలకు తక్కువ టైం కేటాయించి కూడా అదే ఫలితం సాధించాయి. పైగా ఒక్కో పిల్లవాడి మీద వాటికయ్యే ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతుకు లోపే. పన్ను కట్టేవాడిగా ఇది నన్ను కలవరపెడుతుంది. తండ్రిగా మాత్రం నాకు పనికొచ్చేది మొదటి సగమే: చిన్న తరగతుల్లో ఫీజు కట్టినంత మాత్రాన పిల్లలకి లెక్కలు వచ్చేయవు.

ఇంగ్లీషు మీడియం కోసమే ప్రైవేటు అంటే, ఆ కారణం ఇప్పుడు సగం పోయింది. రెండు రాష్ట్రాల సర్కారు బడుల్లోనూ ఇంగ్లీషు మీడియం వచ్చింది, తెలంగాణలో 2022-23 నుంచి. టీచర్‌కి ఇంగ్లీషులో చెప్పడం ఎంత వచ్చన్నది వేరే ప్రశ్న. దాని జవాబు ప్రైవేటు బడిలోనూ అంత గొప్పగా ఉండదు.

ఒక చిన్న లెక్క. ఒకటో తరగతిలో 40 వేల ఫీజుతో మొదలుపెట్టి, ఏటా 10 శాతం చొప్పున పెరిగితే పదో తరగతికి అది 94 వేలు దాటుతుంది. పదేళ్లకి మొత్తం 6 లక్షల 37 వేలు. ఇద్దరు పిల్లలైతే 12 లక్షల 75 వేలు, బస్సు కలపకుండా. ఇదంతా అయ్యాక ఇంటర్ హాస్టల్ ఫీజు దగ్గర చేతిలో ఏమీ మిగలక బంగారం తాకట్టు పెట్టినవాళ్లని మా చుట్టాల్లోనే నలుగురిని చెప్పగలను.

అందుకే బడి పేరును బట్టి కాకుండా దశను బట్టి చూడమంటాను.

| దశ | సర్కారు డబ్బుతో దొరికేది | సొంత డబ్బు పెడితే వచ్చేది | నా ఓటు |
|---|---|---|---|
| 1 నుంచి 5 | ఊరి బడి, మధ్యాహ్న భోజనం, పుస్తకాలు | యూకేజీ నుంచి క్రమం, బస్సు, డైరీ, అమ్మానాన్నలకు మనశ్శాంతి | తరగతికో టీచర్ ఉంటే సర్కారు బడి |
| 6 నుంచి 10 | జడ్పీ హైస్కూల్, మోడల్ స్కూల్, కస్తూర్బా, గురుకులం, నవోదయ | సబ్జెక్టుకో టీచర్, పరీక్షల మీద పరీక్షలు | గురుకులం, నవోదయ సీటొస్తే వదలొద్దు |
| ఇంటర్ | ప్రభుత్వ జూనియర్ కాలేజీ, గురుకుల కాలేజీ, ట్రిపుల్ ఐటీలు | జేఈఈ, నీట్ కోచింగ్ | డబ్బు పెట్టాల్సి వస్తే ఇక్కడ |
| ఆపైన | ప్రభుత్వ కాలేజీ, ఫీజు రీయింబర్స్‌మెంట్ | మేనేజ్‌మెంట్ సీటు | ర్యాంకును బట్టి |

మొదటి వరుసలో నేను పెట్టిన షరతు చిన్నది కాదు. ఐదు తరగతులకి ఒకరో ఇద్దరో టీచర్లున్న బడులు రెండు రాష్ట్రాల్లోనూ బోలెడు. ఒక టీచర్ సెలవు పెడితే ఆ రోజు బడి అంటే అందర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టడమే. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో తరగతికో టీచర్ ఉండేలా మోడల్ ప్రైమరీ స్కూళ్లు పెట్టారు. మీ దగ్గర అలాంటిది ఉంటే మంగళవారమో బుధవారమో పొద్దున పదకొండింటికి చెప్పకుండా వెళ్లి చూడండి. మూడో తరగతి పిల్లవాడి చేతికి పుస్తకం ఇచ్చి ఒక పేరా చదవమనండి. ప్రైవేటు స్కూల్లోనూ ఇదే పరీక్ష పెట్టండి, కాకపోతే వాళ్లు మిమ్మల్ని రిసెప్షన్ దాటి పోనివ్వరు.

గురుకులాల గురించి మనం గర్వపడాలి. 1971లో పీవీ నరసింహారావు హయాంలో నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన ఆలోచన ఇది. ఇప్పుడు ఐదో తరగతిలో ప్రవేశ పరీక్ష రాసి చేరే పిల్లకి తిండి, బట్ట, చదువు అన్నీ సర్కారువే. లోపాలూ ఉన్నాయి. 2024లో తెలంగాణ హాస్టళ్లలో కలుషిత ఆహారం వార్తలు వరసగా వచ్చాయి. ఆ ఏడాది చివర్లో ప్రభుత్వం డైట్ ఛార్జీలు 40 శాతం పెంచింది. చేర్చేముందు వంటగది చూసి, అక్కడ చదువుతున్న పిల్లల్ని పక్కకి పిలిచి రాత్రి ఏం తిన్నారో అడగడంలో తప్పు లేదు.

నవోదయలో సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలకే. ఆరో తరగతికి పరీక్ష. తొమ్మిది నుంచి నెలకు 600 కట్టాలి, ఆడపిల్లలకీ, ఎస్సీ ఎస్టీలకీ, పేద కుటుంబాలకీ అదీ లేదు. ఐదో తరగతి పిల్లవాడికి మీరు ఏదైనా ట్యూషన్ పెట్టిస్తే దీనికోసం పెట్టించండి, ఆ ఖర్చు ఏడేళ్లపాటు తిరిగొస్తుంది.

ఇంకో రెండు సర్కారు డబ్బులు ప్రైవేటు బడికీ వెళతాయి. ఒకటి, 2010 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు స్కూళ్లలో పేద పిల్లలకు కేటాయించే 25 శాతం సీట్లు. ఆంధ్రాలో ఒకటో తరగతికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. తెలంగాణలో ఈ నిబంధన ఏళ్ల తరబడి కాగితం మీదే ఉండిపోయింది. రెండోది ఆంధ్రాలో తల్లికి వందనం. 2025 జూన్‌లో మొదలైంది, అర్హత ఉన్న ఇంట్లో చదువుకునే ప్రతి పిల్లకీ 15 వేలు. అందులో 13 వేలు తల్లి ఖాతాకి, 2 వేలు బడి నిర్వహణకి. హాజరు 75 శాతం ఉండాలి. ఈ డబ్బు పడగానే కొన్ని ప్రైవేటు స్కూళ్లు ఫీజు కౌంటర్ దగ్గర ఎంత మర్యాదగా పలకరిస్తాయో చూడాలి.

పై చదువుల దగ్గర తేడా మరీ విపరీతం. ఎంబీబీఎస్‌నే తీసుకోండి. తెలంగాణలో ప్రైవేటు కాలేజీ కన్వీనర్ కోటా సీటుకి ఏడాదికి 60 వేల దగ్గర ఉంటే, అదే తరగతి గదిలో పక్క బెంచీ మీద కూర్చున్న బి కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) పిల్లకి 11, 12 లక్షలు. ఒకే పాఠం, ఒకే ప్రొఫెసర్. తేడా అంతా నీట్ ర్యాంకుది. అందుకే సొంత డబ్బు పెట్టాల్సి వస్తే ఇంటర్‌లో, ర్యాంకు కోసం పెట్టమనేది. ఒకటో తరగతిలో పెట్టిన 40 వేలు ర్యాంకు మార్చవు. ఇంటర్‌లో మంచి టీచర్ దొరికితే ఒక్కోసారి మారుస్తుంది. ఒక్కోసారి అని ఎందుకంటున్నానంటే, పొద్దున ఐదున్నరకి లేపి రాత్రి పదిన్నర దాకా కూర్చోబెట్టే హాస్టళ్లు అందరు పిల్లలకీ పడవు. మీ వాడికి పడదనిపిస్తే ఆ డబ్బు మిగుల్చుకోండి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ 2008 నుంచి లక్షల ఇళ్లలో మొదటి ఇంజనీర్‌ని తయారు చేసింది. దాని జబ్బు బకాయిలు. ప్రభుత్వం కాలేజీకి సకాలంలో కట్టదు, కాలేజీ పిల్లవాడిని నిలబెడుతుంది: "ముందు నువ్వు కట్టు, వచ్చాక ఇస్తాం." ఫైనలియర్ అయిపోయి ఉద్యోగంలో చేరాల్సిన రోజున ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో ఉంటాయి. కాబట్టి రీయింబర్స్‌మెంట్ ఉన్నా ఒక ఏడాది ఫీజు పక్కన పెట్టుకోండి.

వైద్యం: ఇక్కడ పొరపాటు చేస్తే ఇల్లే పోతుంది

జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2013-14లో దేశంలో వైద్యానికి అయిన మొత్తం ఖర్చులో 64.2 శాతం జనం జేబులోంచే పోయింది. 2021-22కి అది 39.4 శాతానికి తగ్గింది. తగ్గింది నిజమే. కానీ వంద రూపాయల్లో నలభై ఇప్పటికీ బిల్లు కౌంటర్ దగ్గర నిలబడి లెక్కపెట్టి ఇస్తున్నవే. ప్రభుత్వం పెట్టేది అదే ఏడాది జీడీపీలో 1.84 శాతం, 2017 జాతీయ ఆరోగ్య విధానం పెట్టుకున్న లక్ష్యం 2.5.

ఒక్కసారి ఆసుపత్రిలో చేరితే ఎంతవుతుంది? 2017-18 జాతీయ నమూనా సర్వేలో, కాన్పులు తీసేసి చూస్తే, సర్కారు ఆసుపత్రిలో సగటున 4,452 రూపాయలు, ప్రైవేటులో 31,845. ఆ తర్వాత రెండూ పెరిగే ఉంటాయి. ఏడు రెట్ల తేడా మాత్రం చూడండి.

| దారి | డబ్బు ఎవరిది | దేనికి పనికొస్తుంది | ఎక్కడ చేతులెత్తేస్తుంది |
|---|---|---|---|
| సర్కారు ఆసుపత్రి | పన్నులు | ఓపీ, కాన్పు, కాలిన గాయాలు, యాక్సిడెంట్, పెద్ద జబ్బులు | రద్దీ, వాయిదాలు, కొన్ని మందులు బయట కొనాలి |
| ఆరోగ్యశ్రీ (ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్యసేవ) | పన్నులు, వైద్యం ఎక్కువగా ప్రైవేటులో | జాబితాలో ఉన్న ఆపరేషన్లు, చికిత్సలు | ఓపీ, రోజూ వేసుకునే మాత్రలు |
| ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) | యజమాని, ఉద్యోగి చందా | ఓపీ నుంచి ఆపరేషన్ దాకా, మందులతో సహా | డిస్పెన్సరీ దూరం, రిఫరల్ కాగితాలు |
| సొంత బీమా | మీ ప్రీమియం | అకస్మాత్తు పెద్ద బిల్లు | పాత జబ్బులు, రూమ్ అద్దె పరిమితి |
| నగదు | మీ జేబు, తర్వాత మీ పొలం | జ్వరం, దగ్గు, చిన్న పరీక్షలు | మిగతా అన్నిట్లోనూ |

ఆరోగ్యశ్రీ 2007లో మూడు జిల్లాల్లో మొదలైంది. పేర్లు, రంగులు ప్రభుత్వం మారినప్పుడల్లా మారాయి గానీ పథకం పోలేదు. పరిమితి తెలంగాణలో ఇప్పుడు ఏడాదికి 10 లక్షలు, ఆంధ్రాలో 25 లక్షలు, రెండూ 2023 డిసెంబర్‌లో పెంచినవే. ఇంత పెద్ద రక్షణ మార్కెట్లో ప్రీమియం కట్టి కొనాలంటే పల్లెలో ఎంతమందికి తాహతు ఉంటుంది? కార్డు ఉన్నవాళ్లకి ఇదే మొదటి దారి, ఇందులో రెండో మాట లేదు.

మామగారి దగ్గరకొద్దాం. విజయవాడలో మేము చేర్చింది పథకం నెట్‌వర్క్‌లో ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రి. మెట్ల కింద చిన్న కౌంటర్, అక్కడ పథకం కాగితాలు చూసే వైద్యమిత్ర, జనం మాత్రం ఇంకా ఆరోగ్యమిత్ర అనే పిలుస్తున్నారు. ఆధార్, కార్డు తీసుకుని, మామగారి వేలిముద్ర కోసం మూడుసార్లు ప్రయత్నించింది. పొలం పని చేసిన వేళ్లు, మిషన్ పట్టుకోలేదు. నాలుగోసారి కొబ్బరినూనె రాసి తుడిచాక పడింది. యాంజియోగ్రామ్‌లో ఒక బ్లాకు. అనుమతికి పంపించారు, తెల్లారి తొమ్మిదికి వచ్చింది. ఆ రాత్రి పడిన టెన్షన్ చెప్పేది కాదు.

మధ్యలో ఆసుపత్రి నుంచి ఒకాయన వచ్చి, "కార్డు మీద వచ్చేది మామూలు స్టెంట్ సార్. 35 వేలు కడితే ఇంపోర్టెడ్ వేస్తాం" అన్నాడు మెల్లగా. బావమరిది జేబులో చెయ్యి పెట్టాడు. నేనే ఆపాను. పథకం కింద చేర్చుకున్నాక పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదు. స్టెంట్ల ధరకి 2017 ఫిబ్రవరిలోనే కేంద్రం పరిమితి పెట్టింది, అప్పుడు మందు పూత ఉన్న స్టెంట్‌కి 29,600. ఇందులో మామూలుది ఏది, గొప్పది ఏది అని డాక్టర్‌నే అడుగుతామంటే ఆయన మళ్లీ కనిపించలేదు. మీకు ఇలాంటిది ఎదురైతే 104కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి, చేస్తున్నట్టు వాళ్లకి తెలిసేలా చేయండి.

కార్డుకి ఉన్న పెద్ద లోపం డిశ్చార్జ్ అయ్యాక తెలుస్తుంది. స్టెంట్ ఉచితం. ఆ తర్వాత జీవితాంతం వేసుకోవాల్సిన మాత్రలు? ఫాలోఅప్ మందులు కొంతకాలం ఇస్తారు. ఆ తర్వాత బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మందులు నెలనెలా మెడికల్ షాపులోనే. కుటుంబాలు కుంగిపోయేది ఒక్కోసారి ఆపరేషన్‌తో కాదు, ఈ నెలసరి బిల్లుతో. దీనికి సర్కారులో ఇంకో తలుపు ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పేరు రాయించుకుంటే బీపీ, షుగర్ మాత్రలు ఉచితంగా ఇస్తారు. హైదరాబాద్‌లో అయితే 2018 నుంచి బస్తీ దవాఖానాలున్నాయి. అక్కడ లేని మందుకి చౌకగా జెనరిక్ మందులు అమ్మే జన్ ఔషధి షాపు. కంపెనీ పేరు కాకుండా మందు పేరు చీటీ మీద రాయమని డాక్టర్‌ని అడగడానికి మొహమాటపడొద్దు.

రెండో లోపం, మళ్లీ బకాయిలే. ప్రభుత్వం డబ్బు ఇవ్వలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు కార్డు సేవలు ఆపేయడం రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. వాయిదా వేయగలిగిన మోకాలి ఆపరేషన్ అయితే ఆగొచ్చు. గుండె ఆగదు. అలాంటి రోజున గుంటూరు జీజీహెచ్, విశాఖ కేజీహెచ్, హైదరాబాద్ గాంధీ, నిమ్స్ లాంటివే దిక్కు. యాక్సిడెంట్, పాముకాటు, కాలిన గాయాలు, కష్టమైన కాన్పు, వీటికి నేను మామూలు రోజుల్లో కూడా చిన్న నర్సింగ్‌హోమ్ కన్నా పెద్దాసుపత్రికే ఓటేస్తాను. అక్కడ రోజూ చూసే కేసులవి. నర్సింగ్‌హోమ్‌లో రెండు రోజులు ఉంచి, లక్ష కట్టించుకుని, పరిస్థితి విషమించాక "పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అనడం మనందరికీ తెలిసిన కథే.

నెల జీతం 21 వేలో అంతకన్నా తక్కువో అయి, పనిచేసే చోట పదిమందో అంతకన్నా ఎక్కువో ఉంటే ఈఎస్ఐ రావాలి. మీ జీతంలో కోసేది 0.75 శాతం, యజమాని వేసేది 3.25. ఓపీ, మందులు, భార్యాపిల్లలు అన్నీ కలిపి ఇస్తుంది కాబట్టి ఈ ధరకి ఇంతకన్నా మంచి బేరం నాకు తెలిసి లేదు. యజమాని కడుతున్నాడో లేదో మాత్రం కనుక్కోండి.

పూర్తిగా సర్కారూ కాదు, వ్యాపారమూ కాదు అన్న దారి కూడా మన దగ్గరుంది. పుట్టపర్తిలో 1991 నుంచి నడుస్తున్న సత్యసాయి సూపర్ స్పెషాలిటీలో బిల్లింగ్ కౌంటరే లేదు. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి 1987 నుంచి కట్టగలిగినవాళ్ల డబ్బుతో కట్టలేనివాళ్లకీ వైద్యం చేస్తోంది. కంటి ఆపరేషన్, పిల్లల గుండె ఆపరేషన్ లాంటివాటికి కార్డు లేకపోయినా ముందు ఇలాంటిచోట అడిగి చూడండి.

ఇక సొంత బీమా. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. పాత జబ్బులకు బీమా వర్తించేదాకా ఆగాల్సిన గడువు (వెయిటింగ్) మూడేళ్లకు మించకూడదని 2024లో నిబంధన వచ్చింది. కొనడానికి వయసు పరిమితీ పోయింది, ప్రీమియం మాత్రం వయసుతో పాటు పైపైకే. ముప్పైల్లో కొనాల్సింది యాభైల్లో కొంటాం, అప్పటికి షుగర్ ఉంటుంది.

పాలసీ కాగితంలో ఒక్క లైను చదవాలంటే రూమ్ అద్దె లైను చదవండి. పరిమితి రోజుకి 5 వేలు అని ఉండి, మీరు 8 వేల గది తీసుకుంటే, మిగతా 3 వేలు మనమే కట్టుకుందాంలే అనుకుంటారు. అలా కాదు. డాక్టర్ ఫీజు, థియేటర్, నర్సింగ్ ఛార్జీలు కూడా అదే నిష్పత్తిలో కోస్తారు. ఆ ఛార్జీలు 1,60,000 అయితే కంపెనీ ఇచ్చేది లక్ష. మంచం పక్కన సోఫా ఉన్న గదికి మీరు పెట్టిన ఖర్చు 60 వేల పైమాటే.

ఎవరికి ఏది

కార్డు ఉన్న రైతు, కూలి కుటుంబానికి పెద్ద జబ్బు వైద్యం సర్కారు చూసుకుంటుంది. కాబట్టి చేతిలో ఆడే డబ్బు మాత్రలకీ, ప్రయాణానికీ, ఆసుపత్రిలో తోడున్నవాళ్ల తిండికీ ఉంచుకోవాలి. ప్రైవేటు బడి కోసం అప్పు చేయడం ఈ ఇంట్లో అన్నిటికన్నా చెడ్డ బేరం. గురుకులం, నవోదయ, పదో తరగతి తర్వాత బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల మీద దృష్టి పెట్టండి.

కార్డుకి ఎక్కువ, కార్పొరేట్‌కి తక్కువగా ఉండే ప్రైవేటు ఉద్యోగికి రెండువైపులా ఎవరూ లేరు. పై నుంచి పథకం రాదు, కింద నుంచి పొదుపు లేదు. వీళ్లే ఎక్కువ ఫీజుల స్కూళ్లకి వెళతారు కూడా. వీళ్లు మొదట కొనాల్సింది కనీసం 10 లక్షల కుటుంబ బీమా. అది ఒక పిల్ల ఏడాది స్కూలు ఫీజు కన్నా తక్కువలోనే వస్తుంది. కంపెనీ ఇచ్చిన గ్రూప్ పాలసీ ఉందిలే అనుకోవద్దు, ఉద్యోగం పోయిన రోజున అదీ పోతుంది.

అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉండి ఇక్కడి అమ్మానాన్నల కోసం వెతుకుతున్నవాళ్లకి: 2024 అక్టోబర్ 29 నుంచి 70 ఏళ్లు నిండినవాళ్లందరికీ ఆదాయంతో పని లేకుండా కేంద్రం ఆయుష్మాన్ పథకం కింద ఏడాదికి 5 లక్షల కార్డు ఇస్తున్నారు. ఆధార్ చాలు. మీ ఊళ్లో ఏ ఆసుపత్రి దాన్ని తీసుకుంటుందో ఎవరినైనా పంపి ఇప్పుడే కనుక్కోండి, అర్ధరాత్రి వీడియో కాల్‌లో కాదు.

బావమరిది ఏం చేశాడంటే, పెద్దోడు తొమ్మిదిలో ఉన్నాడు కాబట్టి కదపలేదు. చిన్నది మూడో తరగతి. ఇంటికి రెండు వీధుల అవతల మండల పరిషత్ బడిలో నలుగురు టీచర్లున్నారని తెలిసి, ఒక పూట కూర్చుని చూసి, ఈ ఏడాదికి అక్కడ చేర్చాడు. చెల్లెమ్మ నెలరోజులు మాట్లాడలేదు. మిగిలిన 46 వేలల్లో నలుగురికీ పాలసీ తీసుకోగా మిగిలినదాన్ని పెద్దోడి ఇంటర్ పేరుతో పోస్టాఫీసులో వేశాడు.

పాత స్కూల్లో టీసీ అడగడానికి వెళితే బస్సు ఫీజు 2,400 బాకీ ఉందని, అది కట్టాకే ఇస్తామన్నారు. పిల్ల బస్సే ఎక్కలేదని రెండు రోజులు వాదించి, మూడో రోజు కట్టి తెచ్చుకున్నాడు.